గుట్ట అంటే ఏంది?

సూరత్ నగరానికి ఈశాన్యంగా, తాపీ నది ఒడ్డున ఉన్న కామ్‌రేజ్‌లో నేల అరచేయివలె చదునుగా ఉంటుంది. నది తెచ్చి పరచిన నల్లని మట్టి, చెరకు తోటలు, వాటి నడుమ ముంబయి నుండి అహ్మదాబాదుకు పోయే జాతీయ రహదారి. కనుచూపు మేరలో ఎత్తయినది ఏదైనా ఉన్నదంటే అది మనుషులు కట్టినదే. ఇక్కడే పుట్టి పెరిగిన మా ఏడేళ్ల అమ్మాయి, ఒకనాటి రాత్రి నేను మా ఊరి ముచ్చట్లు చెబుతూ ఉండగా, "బాపూ, గుట్ట అంటే ఏంది?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. కరీంనగర్ ప్రాంతంలో గుట్టల నడుమ పెరిగినవాణ్ణి నేను. మరమగ్గాల పనికై సూరత్ చేరిన వేలాది తెలుగు కుటుంబాలవలె మేమూ ఇక్కడికి వచ్చాము. ఇంట్లో భాషను కాపాడుకుంటున్నామనే అనుకున్నాము. కాని వస్తువు కంటికి కనబడని చోట మాట ఎంతకాలం నిలుస్తుంది? "డుంగర్" అని చెబితే పిల్ల వెంటనే తల ఊపింది. ఆ మాట బడిలో చెప్పారట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. దసరా సెలవులలో పిల్లలకు గుట్ట చూపించి తీరాలని నిశ్చయించుకున్నాను.

మాకు అందుబాటులో ఉన్నవి డాంగ్ జిల్లాలోని సహ్యాద్రి కొండలు. వాటిలో మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా పేరుపొందిన విడిది. బార్దోలీ, ఉనాయ్, వఘయీ మీదుగా దాదాపు 150 కిలోమీటర్ల దూరం. తెల్లవారుజామున బయలుదేరితే పది గంటలకు చేరవచ్చు, సరస్సు, సూర్యాస్తమయ స్థలం చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు అని కాగితంమీద లెక్క వేశాను. ఆ లెక్కలో పిల్లలు సామానువంటివారు. ఎక్కించినచోట ఎక్కుతారు, దించినచోట దిగుతారు.

అద్దె బండిలో బయలుదేరాము. బార్దోలీ దాటుతూ, 1928లో ఈ తాలూకా రైతులు వల్లభభాయి పటేల్ నాయకత్వంలో పెంచిన శిస్తు కట్టబోమని నిలిచి గెలిచిన కథను ఆవేశంగా చెప్పాను. వెనుకకు తిరిగి చూస్తే పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఉనాయ్‌లో వేడినీటి బుగ్గలు చూద్దామని నా భార్య అంటే, ఆలస్యమవుతుందన్నాను. వఘయీ దగ్గర అంబికా నదిపై గీరా జలపాతం ఉన్నది. వేసవిలో ఎండిపోయే ఈ జలపాతం వానాకాలం ముగిసిన కొత్తలో నిండుగా దుముకుతుంది. నాలుగేళ్ల మా అబ్బాయి దానిని చూసి ఎగిరి గంతు వేశాడు. నేను మాత్రం గడియారం చూసుకుంటూ పావుగంటలో అందరినీ బండి ఎక్కించాను.

అక్కడినుండి టేకు, వెదురు అడవులగుండా దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అరగంట గడవకముందే అబ్బాయి వాంతి చేసుకున్నాడు. అమ్మాయి చెవులు మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. బండి ఆపించక తప్పలేదు.

ఇందులో వింతేమీ లేదని తరువాత తెలిసింది. శరీరం ఊగుతున్నదని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. బండి లోపలి సీటునే చూస్తున్న కన్ను అంతా కదలకుండా ఉన్నదంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడమే వికారానికి కారణం. రెండేళ్లనుండి పన్నెండేళ్లవరకు పిల్లలకు ఈ బాధ ఎక్కువ. బయలుదేరేముందు కడుపునిండా పెట్టకుండా తేలికైన ఆహారం పెట్టడం, కిటికీ తెరచి గాలి తగలనివ్వడం, దూరాన ఉన్న కొండను చూడమనడం మంచిది. చదవనివ్వకూడదు, బొమ్మల పుస్తకం చేతికివ్వకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి చెవులు దిబ్బడ వేస్తాయి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగిస్తే సర్దుకుంటాయి. నేనైతే ఆనాడు పొద్దున్నే పూరీలు పెట్టించి, దారిలో అల్లరి చేయకుండా బొమ్మల పుస్తకాలు చేతికిచ్చాను.

"ఇంకొక్క గంట ఓర్చుకుంటే చేరిపోతాము" అన్నాను. నా భార్య అబ్బాయి ముఖం కడుగుతూ, "మనం పిల్లలకు గుట్ట చూపియ్యడానికి వచ్చినమా, సాపుతారా చూపియ్యడానికి వచ్చినమా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

దారి పక్కన నాలుగిళ్ల పల్లె, దాని వెనుక ఒక చిన్న గుట్ట. పల్లెవారిని అడిగి పిల్లలను ఎక్కించాము. నేను ఐదు నిమిషాలలో ఎక్కగలిగే వాలు అది. మాకు గంటన్నర పట్టింది. ప్రతి రాయినీ తిరగవేసి చూడాలి, ప్రతి పురుగునూ పలకరించాలి. వాలుమీద కంకులు వేసిన పైరును చూపి, ఇది నాగ్లీ అని అక్కడి ముసలమ్మ చెప్పింది. నా భార్య కంకి పట్టుకుని, "ఇవి మన తైదలే!" అని నవ్వింది. రాగులను మా వైపు తైదలంటారు. ఆ మాట పిల్లలు ఆనాడే విన్నారు.

పైనుంచి చూస్తూ అమ్మాయి, "బాపూ, ఈ గుట్టలకు మెట్లున్నయి" అన్నది. నిజమే. సుమారు 6.6 కోట్ల సంవత్సరాలకు పూర్వం భూమి పగుళ్లనుండి లావా పొరలు పొరలుగా పారి గట్టిపడగా ఏర్పడిన నల్లరాతి కొండలివి. ఆ పొరలే మెట్లవలె కనబడతాయి. మా ఊరి గుట్టలు వేరు. గుండ్రని బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే ఆ గ్రానైటు వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. నా గుట్టను చూపించాలని వచ్చాను గాని, పిల్లలకు దొరికింది వారి గుట్ట. దానికి నేనెందుకు చిన్నబుచ్చుకోవాలి?

మధ్యాహ్నం అక్కడే చద్దిమూట విప్పి తిని, వెలుగుండగానే కొండదారి దిగివచ్చాము. చిన్నపిల్లలతో ఒక్కరోజు ప్రయాణానికి వారి అడుగే కొలత అని తెలుసుకున్నాను. అనుకున్నదానిలో సగం దూరమే పోవాలి, మిగిలిన పొద్దును వారికి వదలివేయాలి. సాపుతారా మేము ఇప్పటికీ చూడలేదు. అది ఎక్కడికీ పోదు. పిల్లలే పెద్దవారవుతారు.

మొన్న మా వీధిలో ఇల్లు కట్టుకునేవారు ఇసుక పోయించారు. అబ్బాయి దానిమీదికి ఉరికి, "గుట్ట! గుట్ట!" అని కేకలు వేశాడు. అక్క నడుముమీద చేతులు పెట్టుకుని దిద్దింది: "అది గుట్ట కాదురా, కుప్ప. గుట్ట ఎక్కితే కాళ్లు నొస్తయి."