సారా దుకాణాలు మూయించిన జిల్లా ఇది.. మరి మానాలనుకునే మనిషికి తోడెవరు? టీపీ గూడూరు తీరంలో తేలాల్సిన లెక్క

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తోటపల్లి గూడూరు తీరంలో మర పడవలు, ఇంజన్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. 61 రోజుల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ప్రభుత్వం ఇచ్చే నిషేధ భృతి కూడా 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. కానీ ఈ రెండు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషి మనసు ఎలా ఉంటుందనేది ఏ జీవోలోనూ ఉండదు. అప్పు ఉంటుంది, పని ఉండదు, నిద్ర పట్టదు. అప్పటికే మందు అలవాటున్న వాళ్లకు ఇదే గడ్డుకాలం.

మత్స్యకారులే ఎక్కువ తాగుతారని చెప్పడం కాదు ఇది. అదే మండలంలో రొయ్యల గుంటల రైతుల పరిస్థితి చూడండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరగానే రొయ్య రైతు గుండె జారింది. మేత అరువు, కరెంటు బిల్లు, లీజు.. ఇవేవీ ఆగవు. కష్టకాలం వచ్చినప్పుడు మందు మొదట మందులా పనిచేస్తుంది, తర్వాత అదే జబ్బు అవుతుంది. దిగులు వల్ల తాగుడు, తాగుడు వల్ల దిగులు. రెండింటినీ విడదీసి చూస్తే ఏదీ నయం కాదు.

దూబగుంట ఏం సాధించింది? ఏం మిగిలిపోయింది?

ఈ విషయంలో నెల్లూరు జిల్లాకు దేశమంతా తెలిసిన చరిత్ర ఉంది. 1990ల మొదట్లో అక్షర దీపం చదువుల కోసం రాత్రిళ్లు కూడిన ఆడవాళ్లు, చదువుతో పాటు తమ ఇళ్ల సంగతులూ మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు ముందుండి సారా దుకాణం మూయించారు. 1992లో ఊరూరా అదే కథ. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు.

దుకాణం మీద పోరాటం గెలిచింది. కానీ దుకాణం ముందు నిలబడ్డ మగవాడి సంగతి? అతనికి వైద్యం అందించాలన్న మాట ఆ ఉద్యమంలో పెద్దగా వినపడలేదు. అప్పటి ఆడవాళ్లను దానికి తప్పుపట్టలేం. కూలి డబ్బు ఇంటికి రావాలి, దెబ్బలు ఆగాలి.. వాళ్లకు ముందు కావాల్సింది అది. తప్పంతా తర్వాత ముప్పై ఏళ్లలో ఆ మిగిలిన పని చేయనిదే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మాట్లాడుకున్నది దుకాణాల గురించే. ఒకరు దుకాణాలు తగ్గించి రేట్లు పెంచారు. మరొకరు 2024 అక్టోబర్‌లో ప్రైవేటుకు ఇచ్చి, క్వార్టర్ 99 రూపాయలకే తెచ్చారు.

వైద్యం లేకుండా సరుకు మాత్రమే ఆగితే ఏమవుతుందో 2020లో పక్క జిల్లా ప్రకాశం చూపించింది. కరోనా కట్టడిలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు.

ఇక్కడ చాలా కుటుంబాలకు తెలియని విషయం ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనిపించొచ్చు. ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. ‘దెయ్యం పట్టింది’ అని తాయెత్తు కట్టించే సమయం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గదిలో పెట్టి తాళం వేయడం అసలే వద్దు.

మరి చికిత్స ఎంతమందికి అందుతోంది? కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం దొరికింది. మద్యం సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉందని అదే సర్వే చెప్పింది. టీపీ గూడూరు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి దూరమేం కాదు. అడ్డు దూరం కాదు, పరువు. ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోయాడంట’ అనే మాట.

ఊళ్లోనే చేయొచ్చని చూపించిన వాళ్లున్నారు

చెన్నైలో 1980లో మొదలైన టీటీకే ఆసుపత్రి, తర్వాత కావేరి డెల్టాలోని మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టింది. ఊరి వాళ్లు చోటు ఇస్తారు. డాక్టర్లు, కౌన్సిలర్లు వస్తారు. పదిహేను రోజులు అక్కడే వైద్యం, కౌన్సెలింగ్. భార్యనీ, ఇంట్లో పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఊరే పిలిచింది కాబట్టి ‘పరువు’ మాట సగం అక్కడే పోతుంది.

గోవాలో ఇంకో ప్రయోగం జరిగింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రమాదకరంగా తాగే మగవాళ్లతో నాలుగు విడతల వరకు మాట్లాడించారు. మూడు నెలలకు వాళ్లలో 36 శాతం మంది ఆ ప్రమాదం నుంచి బయటపడ్డారు. అలా మాట్లాడించని వాళ్లలో అది 26 శాతం. పెద్ద అద్భుతమేం కాదు గానీ, ఊరికి ఒక సైకియాట్రిస్టు దొరికే దాకా ఆగనక్కర్లేదని తేలింది. బానిసైపోయిన వాళ్లకు మాత్రం మాటలొక్కటే చాలవు, డాక్టరు కావాల్సిందే.

ఆ లెక్కన చూస్తే 61 రోజుల వేట నిషేధం ఈ తీరానికి ఒక అవకాశం కూడా. మానేశాక తీవ్రంగా ఉండే ఇబ్బంది వారం, పది రోజుల్లో తగ్గుతుంది. ఏప్రిల్ చివర్లో పీహెచ్‌సీ డాక్టరు, నెల్లూరు సైకియాట్రీ విభాగం కలిసి ఒక శిబిరం పెడితే, పడవలు మళ్లీ నీళ్లలోకి దిగేలోపు నెలకు పైగా సమయం మిగులుతుంది. భృతి డబ్బు చేతికొచ్చే రోజు కంటే శిబిరం ముందుండటం మేలు!

ఇక మనుషులు. రూపాయి రూపాయి కూడబెట్టిన పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలో ఆ సారా ఉద్యమం వెంటే పుట్టాయి. ఏ ఇంట్లో వాయిదా ఎందుకు ఆగిందో సంఘం లీడరుకు ఎవరికంటే ముందు తెలుస్తుంది. ఆశా కార్యకర్తలు ఉన్నారు. పట్టపుపాలేల్లో కాపుల మాటకు బలముంది. అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. తాగినోడికి జరిమానా, ఇంటికి వెలి అని దురాయి పెడితే తాగుడు ఆగదు, చాటుకు పోతుంది. అదే కాపులు ‘శిబిరానికి పోయినోణ్ని ఎగతాళి చేస్తే ఊరుకోం’ అని కట్టడి చేస్తే? అది వేరే సంగతి.

మానిన మనిషి మళ్లీ ఒకసారి తాగడం ఈ జబ్బులో మామూలే. జూన్ 15న వేటకు పోయి, మంచి పాటు పడ్డ సాయంత్రం తోటివాళ్లు గ్లాసు చాపుతారు. ఆ సాయంత్రం పక్కన నిలబడే మనిషి.. పాత తాగుబోతే అయితే ఇంకా మంచిది. మానేసినవాళ్లే వారానికోసారి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935 నుంచి చేస్తున్నది ఇదే.

మనసు బాగోలేకపోయినా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మద్యం, మత్తు సమస్యలకు 14446. తాగే మనిషి ఒప్పుకునే దాకా ఎదురుచూడక్కర్లేదు, భార్య అయినా తల్లి అయినా ఫోన్ చేసి ఏం చేయాలో అడగొచ్చు.