బండి ఎవరిది?

బండి అమ్మేశారు. డబ్బు ముట్టింది, తాళాలు ఇచ్చేశారు, కాగితం మీద సంతకాలూ అయ్యాయి. ఇక ఆ బండితో తమకేం సంబంధం అనుకుంటారు చాలామంది. చట్టం లెక్క వేరు.

మోటారు వాహనాల చట్టం(1988) రెండో సెక్షన్‌లో 'యజమాని' అంటే ఎవరో స్పష్టంగా ఉంది. బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారే యజమాని. ఆ వ్యక్తి మైనరైతే సంరక్షకులు. అప్పు మీద కొన్న బండికైతే, ఒప్పందం ప్రకారం దాన్ని తమ దగ్గర ఉంచుకున్నవారే యజమాని, అప్పిచ్చిన సంస్థ కాదు.

ఈ నిర్వచనం ఎంత దూరం వెళ్తుందో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓ తీర్పు చెబుతుంది. 2007లో అమ్మిన వాహనం ఆ తర్వాత చేతులు మారుతూ పోయింది. ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో దానివల్ల ప్రమాదం జరిగింది. పరిహారం చెల్లించాల్సింది ఆర్సీలో పేరున్న మొదటి వ్యక్తేనని కోర్టు తేల్చింది. బాధితులు కొన్నవాళ్లనూ అమ్మినవాళ్లనూ ఒక్కొక్కరినే వెతుక్కుంటూ తిరగనక్కర్లేదంది.

అందుకే రాష్ట్రంలోనే అమ్మితే, ఆ సంగతి 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. 'తర్వాత మార్పించుకుంటాలే' అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. కొత్త పేరుతో వచ్చిన ఆర్సీ నకలు ఒకటి అమ్మినవారి బీరువాలోనూ ఉంటే నిశ్చింత.