మందునకు తోడు ఇంటి మాట

జ్వరము వచ్చిన బిడ్డ నుదుట తడిగుడ్డ వేసి రాత్రియంతయు మేలుకొని కూర్చుండెడు తల్లియే, ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, ఎవరితోను మాటాడక, గది తలుపు మూసికొని, వేళకు అన్నము ముట్టక యున్నప్పుడు, "నీకేమి తక్కువ? తిండికి లోటా, బట్టకు లోటా?" అని గద్దించును. ఆమెకు ప్రేమ కొరవడి కాదు. ఒంటికి వచ్చిన వ్యాధికి ఇంట నేమి చేయవలయునో తరతరములుగా తెలిసియున్నది గాని, మనస్సునకు వచ్చిన వ్యాధికి ఏమి చేయవలయునో ఆమెకు చెప్పినవారు లేరు. మానసికారోగ్యమును గూర్చిన మన చర్చలలో చట్టములకును, ఆసుపత్రులకును, ఔషధములకును దొరకిన చోటు ఈ ఇంటి మాటకు దొరకలేదు.

అట్లని కుటుంబమును చికిత్సలో భాగస్వామిగా చేసికొనుట మన దేశమునకు కొత్త కాదు. 1950వ దశకమున అమృత్‌సర్ మానసిక చికిత్సాలయము రోగులతో కిక్కిరిసియుండగా, డాక్టరు విద్యాసాగర్ ఆవరణమున గుడారములు వేయించి, రోగులతోపాటు వారి బంధువులను అందు నివసింపజేసెను. తమవారికి పరిచర్య చేయుచు, వైద్యుని మాటలు వినుచు, ఇది గ్రహదోషము కాదనియు, గాలి సోకుట కాదనియు, నయమగు వ్యాధియేననియు కన్నులార చూచి ఆ బంధువులు స్వగ్రామములకు మరలిరి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయు 1957 నుండి ఇట్టి పద్ధతినే అవలంబించెను. వైద్యులు తక్కువగానున్న దేశమున బంధువులే వైద్యునికి చేతులైరి.

ఇంటి మాటకు గల శక్తిని కొలిచి చూపినది లండను. ఆసుపత్రినుండి విడుదలయైన, స్కిజోఫ్రీనియా యను తీవ్ర మానసిక వ్యాధి గల రోగులను 1950వ దశకమున పరిశీలించిన సామాజికశాస్త్రజ్ఞుడు జార్జి బ్రౌన్, తల్లిదండ్రుల యొద్దకో భార్య యొద్దకో చేరినవారికంటె, అద్దెగదులలోను తోబుట్టువుల యిండ్లలోను చేరినవారు మెరుగుగా నుండిరని కనుగొనెను. వ్యాధి తిరుగబెట్టుటకు తోడ్పడునవి ఎత్తిపొడుపు, వైరభావము, మితిమీరిన జాగ్రత్త యని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మొదటి రెండును కీడని ఎవరైనను ఒప్పుకొందురు. మనలను కలవరపెట్టవలసినది మూడవది. ముప్పదేండ్ల కుమారునికి ముద్దలు కలిపి పెట్టుచు, వానిని అడిగిన ప్రశ్నలకు తానే బదులు చెప్పుచు, వాడు వీధి మలుపు తిరిగినంతనే కీడు శంకించెడు తల్లి, ప్రేమచేతనే వానికి ఊపిరి సలుపనీయదు. ఈ కొలతనే చండీగఢ్‌లో పెట్టి చూడగా అచ్చటి యిండ్లలో విమర్శ లండనుకంటె తక్కువయని 1987లో వెలువడిన ఫలితములు చెప్పినవి. అయినను ఉమ్మడి కుటుంబమున పదిమంది పంచుకొనెడు భారము నేడు రెండుగదుల యింట ఒక్క భార్యపైనో, ఒక్క ముసలితల్లిపైనో పడుచున్నది. అలసిన నోట ఓర్పు నిలుచుట కష్టము.

మన యిండ్లలో మరియొక విపరీత చికిత్సయు గలదు: "పెండ్లి చేసిన అన్నియు సర్దుకొనును." వ్యాధిని దాచి సంబంధము కుదిర్చి, కొత్తవారికి తెలియునేమో యన్న భయమున మందులు మాన్పించి, ముహూర్తము జరిపింతురు; మాన్పిన మందునకును, కొత్త సంసారపు ఒత్తిడికిని వ్యాధి తిరుగబెట్టును. 1955 నాటి హిందూ వివాహ చట్టము తీవ్రమైన మానసిక వ్యాధిని వివాహార్హతలోను, విడాకుల కారణములలోను లెక్కింపగా, ఇంట దాచినది తుదకు న్యాయస్థానమున బయటపడి రెండు కుటుంబములను కుంగదీయును. మాటలతో మనస్సును హింసించుటయు గృహహింసయేనని 2005 నాటి చట్టము స్పష్టముగా చెప్పియున్నను, అత్తవారింట నిత్యము వినెడు ఎత్తిపొడుపును హింసగా గుర్తించెడువారు అరుదు.

ఇది ఏవో కొన్ని యిండ్ల కథ కాదు. బెంగుళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రముల యందు జరిపిన సర్వేలో వయోజనులలో 10.6 శాతము మంది ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నట్లు తేలెను; రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతము వరకు చికిత్స అందనివారే. ఆ పన్నెండింట తెలుగు రాష్ట్రములలో ఒక్కటియు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను హక్కుగా చేసెను. శారీరక వ్యాధులతో సమానముగా బీమా కల్పింపవలెననెను. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లే భావింపవలెననెను. దాని 18వ విభాగమున రోగి కుటుంబమునకు తోడ్పడు సేవలును పేర్కొనబడినవి. అమృత్‌సర్ గుడారముల అనుభవమునకు చట్టరూపమున మిగిలిన వారసత్వము ఈ యొక్క వాక్యమే.

ఆ వాక్యము ఆచరణలోనికి రావలెనన్న, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమున మందులచీటితోపాటు ఇంటివారిని కూర్చుండబెట్టి మాటాడు గంటయు నుండవలెను. సంరక్షకురాలికి నెలకు కొన్ని దినములైన విశ్రాంతి దొరకవలెను. ప్రభుత్వము చేయవలసినది ఇది. మనము చేయవలసినదియు గలదు. కోపము వచ్చినప్పుడు హైదరాబాదులోని మానసిక చికిత్సాలయమును తలచి "నిన్ను ఎర్రగడ్డకు పంపవలె" నని యెగతాళి చేయుట మానవలెను, ఏలయన ఆ మాట వినిన పిల్లవాడు రేపు నిజముగా బాధ కలిగిననాడు నోరు విప్పడు. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి యగు టెలిమానస్ సలహాదారులు తెలుగులోనే పలుకుదురు. రోగియే కాదు, రోగిని చూచుకొని అలసినవారును చేయవచ్చును.