పాస్టరమ్మ అంటే ఎవరు?

తెలుగు సంఘాల్లో పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య. ఆదివారం బడి ఆమె నడుపుతుంది. స్త్రీల సమాజాన్ని ఆమె కూడగడుతుంది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా ముందు గడప తొక్కేది ఆమే. జీతం మాత్రం అయ్యగారిది. మరి ఆమే పాస్టరైతే ఏమని పిలవాలి? ఆమె భర్తని ఏమనాలి? వినడానికి నవ్వులాటే. కానీ ఆడమనిషి ఆ బల్ల దగ్గర నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు కాబట్టే ఆమె కోసం వేరే మాట పుట్టలేదు.

నిలబడింది మాత్రం తెలుగు ఆడబిడ్డే. 2013 సెప్టెంబరు 30న నంద్యాల హోలీ క్రాస్ కెథడ్రల్‌లో ఇ. పుష్పలలితకు బిషప్‌గా అభిషేకం జరిగింది. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ ఆవిడ. 1980ల తొలి ఏళ్లలో గురు అభిషేకం పొంది, ముప్పయ్యేళ్లు సేవ చేసిన మీదట దక్కిన పదవి అది. ఇక్కడికి మిషనరీలను పంపిన ఇంగ్లండు చర్చికి తొలి మహిళా బిషప్ వచ్చింది 2015 జనవరిలో. అంటే గురువుగారి కంటే శిష్యులే ముందున్నారు! పైగా నంద్యాల సంఘం మొదట్నుంచీ కొత్తదనానికి తలుపులు తీసినదేం కాదు. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడితే చేరనని పక్కనే ఉండిపోయింది. చేరింది 1975లో. సి.ఎస్.ఐ. ఒక స్త్రీకి మొదటిసారి గురు అభిషేకం ఇచ్చింది 1976లో. గుంటూరు లూథరన్లకైతే ఇంకా ఆలస్యమైంది. ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో, ఆంధ్ర లూథరన్ సంఘం స్త్రీలకు అభిషేకం ఇచ్చింది 1999లో.

ఎక్కడో నంద్యాల ముచ్చట చంద్రపూర్‌లో ఎందుకంటారా? బల్లార్‌పూర్ పేపర్ మిల్లు, బొగ్గు గనులు తెచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. రాజురా అయితే 1950ల దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఈ ప్రాంతం సి.ఎన్.ఐ. నాగపూర్ డయాసిస్ కిందికి వస్తుంది. భాష చూస్తే నంద్యాల చుట్టం, సంఘం చూస్తే ఉత్తరాది. ఆ ఉత్తరాది సంఘంలోనూ 2024లో వయొలెట్ నాయక్ తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆమె డయాసిస్ ఒడిశాలోని ఫుల్బని. 2008లో గుడులు, ఇళ్లు తగలబడి జనం అడవులు పట్టిన కంధమాల్ జిల్లా కేంద్రం అదే. అంత దెబ్బతిన్న చోట పగ్గాలు ఒక స్త్రీ చేతికి వచ్చాయంటే అది చిన్న సంగతి కాదు.

సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు కొరింథీయులకు రాశాడు కదా అని పెద్దలు వేలు చూపిస్తారు. నిజమే, రాశాడు. అదే పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం చివర్లో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేని చేర్చుకోమని, ఆమెకు ఏం కావాలన్నా సాయం చేయమని సిఫారసు చేశాడు. ఒకటి చదివి ఒకటి వదిలేస్తే ఎలా?

అయితే పెద్ద పదవులు చూసి మురిసిపోతే సరిపోదు. అభిషేకం ఇవ్వడం ఒక ఎత్తు, సంఘం అప్పగించడం మరో ఎత్తు. చదువుకుని వచ్చిన ఆడపిల్లని హాస్టలుకో, బడికో, పెద్ద అయ్యగారి పక్కన సహాయకురాలిగానో పంపి చేతులు దులుపుకుంటే ఆ అభిషేకం కాగితం మీదే ఉంటుంది. ఆమె చేతి రొట్టె తినడానికి నలుగురు మగాళ్లు మోకరించాలి. బాప్తిస్మానికి పిల్లని ఆమె చేతుల్లో పెట్టాలి. మార్పు అక్కడ తెలుస్తుంది. కొన్ని సంఘాల్లో ఈ మాటే ఎత్తనివ్వరు. బల్లార్‌పూర్ కేంద్రంగా ఉన్న కథోలికుల చాందా డయాసిస్‌లో సిస్టర్లు ఎంత సేవ చేసినా బలిపీఠం దగ్గర పూజ జరిపేది ఫాదరే.

గురు అభిషేకం పొందిన స్త్రీలను ఒకసారి చంద్రపూర్‌లో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? దేశంలోని ప్రొటెస్టెంట్ సంఘాలను కలిపే జాతీయ క్రైస్తవ సమాఖ్య కార్యాలయం నాగపూర్‌లోనే ఉంది. తెలంగాణ సి.ఎస్.ఐ. డయాసిస్‌ల నుంచి కాజీపేట మీదుగా రైలుంది. తెలుగు, మరాఠీ, గోండీ మూడూ వినిపించే జిల్లా ఇది. సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ., లూథరన్, మెథడిస్టు ఆడవాళ్లు ఒక్క బల్ల చుట్టూ చేరితే ఎవరి కష్టం ఎవరికుందో బయటపడుతుంది. బొగ్గు గని కాలనీలో ఆదివారం బడి నడిపే పదో తరగతి పిల్ల కూడా అక్కడ ఉండాలి. తనలాంటి భాష మాట్లాడే స్త్రీ తెల్లని అంగీ వేసుకుని ఆశీర్వాదం పలకడం ఆ పిల్ల ఒక్కసారైనా చూడాలి. ఖర్చు నాలుగు రైలు టిక్కెట్లు, రెండు పూటల భోజనం. పిలవాల్సిన పెద్దలు పిలవాలి, అంతే.