కరివేపచెట్టు పేరులోని మనుష్యుడు

మన పెరటిలోని కరివేపచెట్టు శాస్త్రనామమున నొక జర్మను వైద్యుని పేరున్నదని మనలో నెందరెఱుగుదురు? 1771లో లిన్నేయస్ పండితుడు దానికి బెర్గెరా కొయినిగీ యని పేరిడెను. తరువాతివారు ముర్రయా కొయినిగీ యనిరి. మొదటి మాట మారినను రెండవ మాట నిలిచెను. అది యోహాన్ గెర్హార్డ్ కొయినిగ్ అను నాతని స్మారకము.

బాల్టిక్ జర్మను కుటుంబమున 1728లో జన్మించిన యితడు లిన్నేయస్ శిష్యుడు. ఐస్‌లాండు శీతలభూములలో మొక్కలను సేకరించి, 1768లో తరంగంబాడి మిషనునకు వైద్యుడుగా వచ్చెను. వృక్షశాస్త్ర యాత్రలకు జీతము చాలక, మొదట ఆర్కాటు నవాబు కొలువున, 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువున చేరెను. సయాము, మలక్కా దేశములు తిరిగెను. సామర్లకోటలో నున్న రాక్స్‌బరో దొరకు మార్గదర్శకుడయ్యెను. 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున అతిసారముచే మరణించెను. తన వ్రాతప్రతులను లండనులోని బ్యాంక్స్ దొరకు విడిచిపోయెను. 1795 నుండి వెలువడిన రాక్స్‌బరో గారి కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున తెలుగు పేర్లును గలవు. ఆ పేర్లు చెప్పిన మన పల్లెవాసుల పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

నాకు విచారము గలిగించునది వేఱొకటి. ఆకు భాగములను గూర్చి పరీక్షలో చక్కగా వ్రాసిన యొక బాలుని, వాని బట్టల కంటుకొనిన గింజ లే మొక్కవని యడిగితిని. వాడు చెప్పలేకపోయెను. రేపల్లెనుండి వచ్చిన వాని నాయనమ్మ చూచిన తక్షణమే “ఉత్తరేణి గదా, నాయనా!” యనెను. బాలుడు సిగ్గుపడెను. వానికి పాఠము చెప్పిన నేను అంతకంటె నెక్కువ సిగ్గుపడితిని.

ఇట్టివి పరీక్షలో నడుగరు గదా యని కొందఱు తలిదండ్రు లందురు. నిజమే. కాని పరీక్ష ముగిసినపిమ్మట మఱవబడు విద్య యెందులకు? సముద్రములు దాటి వచ్చిన వాడు మన గట్ల వెంబడి నడచి నేర్చుకొనెను. ఆ గట్లమీదనే పెరిగిన మనకు తీరికలేదా? నాయనమ్మలతోడనే ఆ పేర్లు సమసిపోయినచో, వానిని మరల నెవరు చెప్పగలరు?

విద్యార్థులారా! తెనాలి కాలువగట్టు మొక్కలు వేఱు, బాపట్ల యిసుకనేల మొక్కలు వేఱు. శనివారమున నొక యరగంట తిరిగి, పది మొక్కల నెండబెట్టి, పుస్తకమున నంటింపుడు. పేరు పెద్దల నడిగి వ్రాయుడు. చెప్పినవారి పేరును తప్పక వ్రాయుడు. కొయినిగ్ కాలమున జరిగిన లోపమును మనమైనను దిద్దుకొందము.