అవ్వ నీళ్ళు తాగుడు ఎందుకు బంజేసింది?

మొన్న ఎండకాలంల మా అవ్వ నీళ్ళు తాగుడు తక్కువ చేసింది. కోరుట్ల పక్కన మా ఊరు. మే నెల అంటే మీకు తెలుసు గదా, గోడ మీద చెయ్యి పెడితే కాలుతది. గసుంటి రోజుల్ల పొద్దుగాల ఒక గిలాసెడు, రాత్రి గోలీలు ఏసుకునేటప్పుడు రెండు గుటకలు. గంతే. నేను కోపం చేసిన. నా భార్య బతిలాడింది. "దూప కాట్లేదు" అన్నది. వారం తిరగకముందే మూత్రంల మంట, జరం. దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ గోలీలు రాసుకుంట ఒక్క మాట అడిగింది: "అమ్మా, మీ ఇంట్ల బాత్రూం ఎట్లుంటది?"

అవ్వ చాలసేపు మాట్లాడలే. ఎనుకకెల్లి మెల్లగ అన్నది: "నీళ్ళు తాగితే పోవాల్నాయె బిడ్డా. పోవాల్నంటే ఆ కడప దాటాలె. రాత్రిపూట పడితే మిమ్ములను లేపాలె."

నేను ఇరవై ఏండ్ల సంది పింఛన్ల కోసం ధర్నాలు చేస్తున్నోన్ని. మందికి దరఖాస్తులు రాసిచ్చినోన్ని. నా ఇంట్ల నా తల్లి దూపను మింగుతుంటె నాకు తెల్వలే. ఇంటికొచ్చి టేపు పట్టుకొని కొలిసిన. మెట్ల కింద బాత్రూం. తలుపు వెడల్పు 2 ఫీట్లు. కడప 9 ఇంచులు. లోపట బండలు అద్దం లెక్క మెరుస్తున్నయి. పట్టుకుందామంటే నల్లా తప్ప ఇంకోటి లేదు. తలుపేమో లోపలికి తెరుసుకుంటది. లోపట మనిషి పడి తలుపుకు అడ్డమైతే బయటకెల్లి తెరవరాదు, పగలగొట్టాల్సిందే. ఆ బాత్రూం కట్టించింది నేనే.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట అయితే ఈడ రాయకపోదును. జగిత్యాలల, కోరుట్లల, సిరిసిల్లల మీ ఇంట్ల కూడ ఇదే బాత్రూం ఉన్నది. మీ అవ్వ, మీ తాత, మీ అమ్మమ్మ ఏం చెప్పకుంట ఏం దాస్తున్నరో ఒక్కసారి చూసుకోండ్రి.

మన దిక్కు ముసలోళ్ళ మోకాళ్ళు, నడుములు ఊకెనే పోలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల్ల ఆడోళ్ళు పదేండ్ల పిల్లలప్పటి సంది ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చుట్టిన్రు. కాళ్ళు సాపుకొని, నడుం వంచి, మెడ కిందికేసి పొద్దంత కూసునుడు. ముప్పై, నలబై ఏండ్లు అట్ల కూసున్న నడుం ముసలితనంల ఎట్ల లేస్తది? సిరిసిల్లల కత వేరే. ఆడ సాంచాల నడుమ పన్నెండు గంటలు నిలవడుడు, ఒక సాంచ కాడికెల్లి ఇంకో సాంచ కాడికి తిరుగుడు. భీవండి పోయి వచ్చినోళ్ళది అదే బతుకు. కాళ్ళ నరాలు ఉబ్బినయి, మోకాళ్ళు అరిగినయి. ఒకలు కూసొని అరిగిన్రు, ఒకలు నిలవడి అరిగిన్రు. ఇద్దరికి ఇప్పుడు చెంబు పట్టుకొని తానం చేసుడే పెద్ద పని.

తానం పెద్ద పనా అని నవ్వకుండ్రి. 1963ల సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరు, మనిషి తనంతట తాను బతుకుతున్నడా లేదా అని చూసేటందుకు ఆరు పనులు లెక్కగట్టిండు: తానం, బట్టలు తొడుక్కునుడు, దొడ్డికి పోవుడు, మంచం మీదికెల్లి లేసుడు, మలమూత్రాలు ఆపుకునుడు, అన్నం తినుడు. వయసు మీద పడ్డంక వీటిల్ల అన్నిటికంటె ముందు చేతులెత్తేసేది శాన వరకు తానం కాడనే. ఎందుకంటే తానంల అన్నీ ఉన్నయి. నడవాలె, దాటాలె, వంగాలె, ఒంటికాలు మీద నిలవడాలె, తడి బండ మీద తిరగాలె. అన్నం తినుడు ఆఖరుకు పోతది. "మా తాత మంచిగనే తింటున్నడు, ఏం కాలే" అనుకుంట మనం ఉంటం. అంతకు రెండేండ్ల ముందే ఆయినె తానం వారానికి ఒక్కపారికి వచ్చి ఉంటది.

మన దేశంల 2017-18ల ముసలితనం మీద 'లాసీ' అని పెద్ద సర్వే చేసిన్రు. 60 దాటినోళ్ళల్ల దగ్గర దగ్గర నలుగుర్ల ఒకలకు గిసుంటి రోజువారీ పనుల్ల ఏదో ఒకటి కష్టమైతున్నదని తేలింది. నలుగుర్ల ఒకలు! మీ వాడల ముసలోళ్ళను యాళ్ళ మీద లెక్కపెట్టుకోండ్రి.

ఇగ సర్కారు దిక్కు చూద్దాం. 2007ల తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. కన్నోళ్ళను చూసుకోకపోతే ఆర్డీవో కాడ ట్రిబ్యునల్‌ల కేసు పెట్టొచ్చు, ఇడిసిపెడితే మూడు నెలల దాక జైలు. మంచిదే. పోషణ అంటే ఏందో ఆ చట్టంల రాసిన్రు: తిండి, బట్ట, ఉండ జాగ, వైద్యం. తానం చేపిచ్చుడు, దొడ్డికి తీస్కపోవుడు పేరు పెట్టి ఏడ లేదు. అది ఇంటి కోడలు పని అని రాసినోళ్ళకు ముందే తెలుసు గావచ్చు.

పింఛను చూస్తే, 2014ల ఆసరా వెయ్యి రూపాయలతోని మొదలైంది, 2019ల 2016 అయింది. 2023 ఎలక్షన్ల ముంగట 4 వేలు ఇస్తమని మాటిచ్చిన్రు. బీడీ పింఛను కూడ 2016 యే. ఇంట్ల మొగడు పెండ్లాం ఇద్దరు ముసలోళ్ళయినా ముసలి పింఛను ఒక్కలకే. ఢిల్లీ సర్కారు ఇచ్చే వాటా చెప్తే నవ్వొస్తది: 60 నుంచి 79 ఏండ్లోళ్ళకు నెలకు 200, 80 దాటితే 500. ఎన్నేండ్లాయెనో ఆ 200 పెరగక. వికలాంగుల పింఛను 4016 ఉన్నది గని దానికి వైకల్యం కాయిదం కావాలె, నూటికి 40 తప్పకుండ ఉండాలె. ముసలితనంతోని మోకాలు వంగకుంటె, భయంతోని కడప దాటకుంటె, అది ఏ నూటికి ఎక్కుతది?

పింఛను పెంచాలని కొట్లాడినం, ఇంకా కొట్లాడుతం. అయితే నేను ఒప్పుకోవాల్సిన మాట ఒకటున్నది. పైసలు ఒక్కటే అడిగినం మేం. 2016 రూపాయలల్ల బీపీ గోలీలు, బియ్యం మీదికి కూరగాయలు పోను గోడకు పైపు బిగిచ్చుకునే ముసలామె ఎవలున్నరు? ఇల్లు మారాలె అని మేం ఏ దరఖాస్తుల రాయలే.

సామాను కోసం ఒక పథకం ఉన్నది, శానమందికి తెల్వదు. రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017ల మొదలైంది, మొదటి క్యాంపు మన పక్క రాష్ట్రంల నెల్లూరు జిల్లాలనే పెట్టిన్రు. తెల్ల కార్డోళ్ళకు, లేకపోతే నెలకు 15 వేల లోపు రాబడి ఉన్న 60 దాటినోళ్ళకు చేతికట్టె, వాకరు, చక్రాల కుర్చీ, చెవి మిషను, కండ్లద్దాలు ఉత్తగనే ఇస్తరు. తర్వాత కమోడ్ ఉన్న కుర్చీలు గుడ చేర్చిన్రు. ఇచ్చేది కాన్పూర్ల ఉన్న అలిమ్‌కో అనే సర్కారు కంపెనీ. తిరకాసు ఏడున్నదంటే, ముందు క్యాంపుకు పోవాలె, ఆడ కొలతలు తీసుకోవాలె, మళ్ళ ఇంకో దినం వచ్చి సామాను తెచ్చుకోవాలె. నడవరానోన్ని జిల్లా కేంద్రానికి నడిసి రమ్మన్నట్టున్నది. అందుకే చెప్తున్న తమ్మీ, మీ చేతిల ఫోనున్నది. మీ జిల్లాల క్యాంపు ఎప్పుడో వయోవృద్ధుల శాఖ ఆఫీసుల అడుగుండ్రి. 14567 అని ముసలోళ్ళ కోసం పెట్టిన నంబరున్నది, ఉత్తగనే కలుస్తది. మంచంల పడ్డోళ్ళ ఇంటికి వచ్చి చూసేటందుకు సర్కారు దవాఖానలల్ల పాలియేటివ్ టీములు పెట్టిన్రు, బండి పేరు 'ఆలన'. మీ మండలానికి వస్తుందా రాదా ఆశ అక్కను అడిగితే తెలుస్తది. రాకపోతే ఎందుకు రాదో అడుగుడు మన పని.

గల్ఫు ముచ్చట చెప్పకపోతే మన దిక్కు ఏ ముచ్చటా పూర్తి గాదు. మస్కట్ల, దుబాయ్‌ల చెమట తీసి పోరగాండ్లు స్లాబు ఇండ్లు కట్టిన్రు. తల్లి కోసమే కట్టిన అంటరు, అబద్ధం గాదు. గని ప్లాను గీసినోడు ఇరవై ఐదేండ్ల మనిషిని చూసి గీసిండు. ముంగట నాలుగు మెట్లు, నున్నటి మార్బుల్, మెట్ల కింద మిగిలిన జాగల బాత్రూం. పాత పెంకుటిండ్లల్ల జాలారు ఉండేది. గరుకు బండ, పక్కన గోలెం, పట్టుకునేటందుకు గోడ. చాటు లేదు, ఆడోళ్ళు చీకట్ల లేసి తానం చేసేది, అది మంచి కాలమని నేను అనను. గని ఆ బండ జారేది గాదు. రాత్రి వీడియో కాల్‌ల కొడుకు "ఏమన్న కావాల్నా అవ్వా" అంటడు. "ఏమొద్దు కొడుకా, మంచిగున్న" అంటది. ఫోను చూపెట్టేది మొఖాన్నే గదా.

సిరిసిల్లల కిరాయి అర్రల్ల ఉండేటోళ్ళకు ఇంకో తిప్పలు. నాలుగు కుటుంబాలకు ఒక్కటే బాత్రూం. గోడకు రంధ్రం కొడతమంటే ఓనరు ఒప్పుకోడు. ఆడ మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీయే దిక్కు.

అన్నిటికంటె పెద్ద ముచ్చట ఇంకా చెప్పలే. తానం ఎవలు చేపిస్తున్నరు? మా ఇంట్ల నా భార్య. ఆమెకూ బీడీల నడుమే. అవ్వను రెక్క పట్టి లేపుకుంట తన నడుం జారగొట్టుకున్నది. అవ్వ కాలు విరిగితే లోకం వస్తది చూడ. కోడలు నడుం విరిగితే ఎవలు రారు. నేను తానం చేపిస్త అంటే అవ్వ ఒప్పుకోలే, "థూ, కొడుకుతోని తానమా" అన్నది. సిగ్గు ఆమెది, ఆమె హక్కు. గని నీళ్ళు కాగబెట్టుడు, మోసుడు, లోపట కుర్చీ ఏసుడు, తడి తుడుసుడు, దొడ్డి కుర్చీ కడుగుడు, వీటికి సిగ్గు అడ్డం లేదు గదా. ఇవి మొగోళ్ళు చెయ్యొచ్చు. నేను చేస్తున్న. మొదటి దినం వాడోళ్ళు చూసి నవ్విన్రు, నాలుగో దినం మరిచిపోయిన్రు.

మేం చేసిన మార్పులు చెప్త, పనికొస్తే చేసుకోండ్రి. సుతారిని పిలిచి కడప కొట్టేసినం, నీళ్ళు బయటికి రాకుంట వాలు సరిజేసినం. తలుపు బయటికి తెరుసుకునేటట్టు తిప్పినం, లోపటి గొండెం తీసేసినం. గోడకు ఇనుప పైపు పొడుగు మేకులతోని బిగిచ్చినం. తువ్వాల ఏసే సన్న రాడును నమ్ముకోవద్దు, బరువు పడంగనే ఊడొస్తది. నున్న బండల మీద గరుకు బండలు ఏసినం. లోపట వంగని, గట్టి కాళ్ళ కుర్చీ ఏసినం, ఇప్పుడు కూసొని పోసుకుంటది. మొత్తం రెండు దినాల పని. అగ్గువనే అయింది, ఒక పండుగ బట్టలంత గాలే.

మంచం సంగతి మరవద్దు. గుంతవడ్డ నులక మంచం మీదికెల్లి ముసలోళ్ళు లేవలేరు. కూసుంటే పాదాలు నేలకు ఆనాలె, మోకాళ్ళు తొడల కంటె మీదికి రావద్దు. బీపీ గోలీలు ఏసుకునేటోళ్ళు లేవంగనే నడవద్దు, మంచం అంచు మీద కొంచెంసేపు కూసొని లేవాలె. చేతికట్టె పొడుగు, నిలవడి చెయ్యి కిందికి ఇడిస్తే మణికట్టు కాడికి రావాలె. నొప్పి ఉన్న కాలు దిక్కు గాదు, అవతలి చేతిల పట్టాలె. కింద రబ్బరు అరిగితే మార్చాలె. లేపేటప్పుడు రెక్క గుంజొద్దు, నడుముకు తువ్వాల చుట్టి పట్టుకోవాలె. దినాం తల మీదికెల్లి పోసుకోవాలన్న రూలు లేదు, తడిబట్టతోని తుడిసినా తానమే.

ఇదంత ఇంటోళ్ళ నెత్తి మీదనే ఎందుకుండాలె? జపాన్ల 2000 సంవత్సరంల ముసలోళ్ళ సేవకు బీమా పెట్టిన్రు. గోడకు పైపులు బిగిచ్చేటందుకు, కడపలు తీసేటందుకు 2 లక్షల యెన్‌ల దాక పనికి బీమా పైసలిస్తది, ఇంటోళ్ళు కొంత వాటా పెట్టుకుంటరు. తానం చేపిచ్చేటందుకు తొట్టి బండిల ఏసుకొని ఇంటికే వస్తరు. జపాన్ ధనిక దేశం, నిజమే. మరి కేరళ? 2008లనే మంచంల పడ్డోళ్ళ సేవకు విధానం తెచ్చుకొని పంచాయతీల చేతిల పెట్టిన్రు.

మన కాడ ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లు లేస్తున్నయి. ఇంటికి 5 లక్షలు, 400 చదరపు ఫీట్లకు తక్కువ గాకుంట, పునాది కాడికెల్లి దఫాల వారీగ ఫొటోలు దిగి పైసలిస్తున్నరు. కట్టేటప్పుడే తలుపు 3 ఫీట్లు పెట్టి, కడప లేకుంట చేస్తే పెద్ద ఖర్చు రాదు. కట్టినంక కొట్టాల్నంటెనే పిరం. బాత్రూం గిట్ల కట్టకపోతే బిల్లు ఆపాలె అని నేను అంటలేను. గరీబోని బిల్లు ఆపేటందుకు సాకులు ఇప్పటికే మస్తున్నయి. గిట్ల కట్టినోళ్ళకు కొంచెం ఎక్కువ ఇయ్యాలె అంటున్న. పాత ఇండ్లల్ల పైపు, కుర్చీ, గరుకు బండల కోసం పంచాయతీల ఒక చిన్న పద్దు ఉండాలె. సుతారోళ్ళకు, వెల్డింగోళ్ళకు ఊర్లనే పని దొరుకుతది.

మా వాడల ఇల్లిల్లు తిరుగుడు షురూ చేసినం. నలుగురు పోరగాండ్లు, ఇద్దరు చెల్లెండ్లు, ఒక టేపు. అడిగేది మూడే: కడప ఎంత ఎత్తు, తలుపు ఎటు తెరుసుకుంటది, రాత్రిపూట నీళ్ళు తాగుతున్నరా. మూడో సవాలుకు జవాబు కొడుకుల ముంగట చెప్తలేరు, అందుకే చెల్లెండ్లను లోపటికి పంపుతున్నం. ఆ కాయిదాలు పట్టుకొని సోమవారం ప్రజావాణికి పోతున్నం. జగిత్యాల దిక్కు ఎవలన్న వస్తే కలెక్టరేట్ గేటు కాడ పది గంటలకు ఉంటం. టేపు మీది మీరు తెచ్చుకోండ్రి.