ముగ్గురు బయలుదేరితే ఒకరు అమీర్

సెలవు దొరికితే చాలు, మన యువకులు మోటారు సైకిళ్ళ మీద జట్లు జట్లుగా బయలుదేరుతున్నారు. పండుగ మరునాడైతే ఇక చెప్పనక్కరలేదు. టెక్కలి నుంచి కొందరు, పలాస-కాశీబుగ్గ నుంచి కొందరు ఒకచోట కలుసుకుని, జాతీయ రహదారి దిగి, ఉద్దానం జీడితోటల మధ్య ఇసుక బాటలు పట్టి సముద్రం దాకా పోయి వస్తున్నారు. ఈ సరదాకు 'ట్రయల్ రైడ్' అని పేరు. తారు రోడ్డు లేనిచోట, మట్టిలో, ఇసుకలో, గతుకుల్లో బండి నడపడమే అందులోని ఆకర్షణ. దానికోసమే తయారైన 'డర్ట్ బైకు' ఉన్నవాడు జట్టులో ఒకడో ఇద్దరో ఉంటారు. మిగిలిన వాళ్ళు రోజూ దుకాణానికీ, కాలేజీకీ వెళ్ళే బండి మీదే వస్తారు.

దీని గురించి మన పెద్దల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇది పనిలేనివాళ్ళ పని, పెట్రోలు దండగ, ప్రాణానికి ముప్పు, మానిపించండి" అనేది ఒకటి. "కుర్రతనం, పోనివ్వండి, వాళ్ళే తెలుసుకుంటారు" అనేది మరొకటి. నా ఉద్దేశంలో ఈ రెండూ బాధ్యత తప్పించుకునే మాటలే. మానిపిస్తే చెప్పకుండా వెళతారు. వదిలేస్తే దెబ్బ తిని తెలుసుకుంటారు. కాని ఒక్కోసారి ఆ దెబ్బ, తెలుసుకోవడానికి మనిషినే మిగల్చదు. ప్రయాణానికి ఒక 'అదబ్' ఉంది, అంటే ఒక మర్యాద, ఒక పద్ధతి. దాన్ని నేర్పి పంపడం మన పని.

వినోదం కోసం వాహనం ఎక్కడమే తప్పు అనేవారికి ఒక విషయం గుర్తు చేస్తాను. మదీనాలో దైవప్రవక్త (స) స్వయంగా గుర్రపు పందాలు పెట్టించారు. బుఖారీ హదీసు గ్రంథంలో ఈ సంగతి ఉంది. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, ఆ తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుంచి బనీ జురైఖ్ మస్జిదు వరకు దూరం నిర్ణయించారు. మొదటిది అయిదారు మైళ్ళు. రెండవది ఒక మైలు. ఆ పందెంలో పాల్గొన్నవారిలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) కూడా ఉన్నారు.

ఇందులో మనం సాధారణంగా గమనించని పాఠం ఒకటి ఉంది. పందెం ఉండవచ్చు. కాని సిద్ధమైనవాడికీ సిద్ధం కానివాడికీ ఒకే దూరం పెట్టకూడదు. మన పిల్లల జట్లలో జరుగుతున్న పొరపాటు సరిగ్గా ఇదే. ఇసుకలో బండి నడపడంలో చేయి తిరిగినవాడు ముందు దూసుకుపోతాడు. నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్నవాడు, తనను పిరికివాడంటారేమోనని అతని వెంట పడతాడు. ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టగానే ముందు చక్రం కూరుకుని మనిషి ఎగిరి పడతాడని వాడికి ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం ముందు బండి లేపిన దుమ్ములో, ఎదురుగా వస్తున్న సైకిలు కూడా కనబడదు. అలాంటప్పుడు దూరం పాటించాలని చెప్పినవారు లేరు. ఆ కుర్రవాడి బలహీనత వేగం మీద మోజు కంటే సిగ్గు. ఆ సిగ్గును పోగొట్టాల్సింది జట్టే.

అందుకే ప్రయాణంలో ముగ్గురున్నా సరే, తమలో ఒకరిని అమీర్‌గా, అంటే నాయకుడిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఈ బోధ ఉంది. ముగ్గురికే నాయకుడు అవసరమైతే, పదిమంది పది యంత్రాలతో బయలుదేరినప్పుడు ఎంత అవసరమో ఆలోచించండి. ఇక్కడ అమీర్ అంటే అందరికంటే ఖరీదైన బండి ఉన్నవాడు కాడు, అందరికంటే వేగంగా వెళ్ళేవాడూ కాడు. ఎవరికి ఎంత చేతనవుతుందో ఎరిగినవాడు, "ఇక చాలు, వెనక్కి పోదాం" అని చెప్పగలిగినవాడు. అతను ఆ మాట అన్నప్పుడు మిగిలినవారు వినాలి.

అదే గ్రంథంలో మరో హదీసు ఉంది. ప్రయాణాల్లో దైవప్రవక్త (స) జనానికి వెనుక ఉండేవారట. బలహీనమైన జంతువును ముందుకు నడిపించేవారు, నడవలేనివాణ్ణి తన వెనుక ఎక్కించుకునేవారు, వారికోసం దువా చేసేవారు. నాయకుడి స్థానం ముందే అనుకునే మనకు ఇది కళ్ళు తెరిపించే విషయం. బండ్ల జట్లలో అనుభవమున్నవారు పాటించే నియమం కూడా ఇదే. దారి తెలిసినవాడు ముందు, చేయి తిరిగినవాడూ, పనిముట్లూ మందుల పెట్టె ఉన్నవాడూ చివర, కొత్తవాళ్ళు మధ్యలో. చివరివాణ్ణి దాటి ఎవరూ వెనుక పడిపోకూడదు. బాట చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగి, వెనుకవాడు తనను చూశాడని తెలిశాకే కదలాలి. జీడితోటల్లో ఒక బాటకూ మరో బాటకూ తేడా తెలియదు. అక్కడ తప్పిపోయినవాడు పడిపోతే, పడినట్టు కూడా మిగిలినవారికి తెలియదు.

ఇవి పిరికివాళ్ళ నియమాలని ఎవరైనా నవ్వితే వాళ్ళకు డాకర్ ర్యాలీ గురించి చెప్పండి. ప్రపంచంలో అత్యంత కఠినమైనదిగా పేరున్న ఈ పోటీ 2020 నుంచి సౌదీ అరేబియా ఎడారుల్లో జరుగుతున్నది. 2015లో ఈ ర్యాలీని పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్. 2024లో కేరళ యువకుడు హారిత్ నోవా 'ర్యాలీ-2' విభాగంలో విజేతగా నిలిచాడు. మన పిల్లల ఫోన్లలో వీళ్ళ ఫోటోలు ఉంటాయి. కాని అక్కడి మరో చిత్రం కూడా వాళ్ళు చూడాలి. 2020 జనవరిలో హీరో జట్టుకు ఆడుతున్న పోర్చుగల్ రైడర్ పాలో గోన్సాల్వెస్ ఎడారిలో పడిపోయాడు. వెనుక వచ్చిన టోబీ ప్రైస్ అంతకుముందు ఏడాది విజేత. అయినా పందెం పక్కనపెట్టి అతని దగ్గర ఆగిపోయాడు. గోన్సాల్వెస్ బ్రతకలేదు. మరుసటి ఏడాది అదే ర్యాలీలో సంతోష్ కూడా తలకు తీవ్రమైన దెబ్బ తిని రియాద్ ఆస్పత్రి పాలయ్యాడు, అదృష్టవశాత్తూ కోలుకున్నాడు. పడినవాడి కోసం ఆగినవారికి, ఆగిన సమయాన్ని లెక్కలో తిరిగి కలిపే నియమం ఆ ర్యాలీలో ఉంది. హెలికాప్టర్లూ వైద్యులూ వెంట ఉండే చోటే ఇంత జాగ్రత్త తీసుకుంటే, 108 వాహనానికి దారి చెప్పడమే కష్టమైన ఇసుక బాటల్లో మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఒంటెను కట్టకుండా దేవుని మీద భారం వేస్తానన్నవానికి, ముందు కట్టి ఆ తరువాత భారం వేయమని చెప్పిన సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. మోటారు సైకిలు విషయంలో ఆ కట్టుతాడు హెల్మెట్. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. హెల్మెట్ లేకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. తోటల్లోకి చేరేలోపు ఎన్.హెచ్.16 మీద లారీల మధ్య ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లాడుతూ నడిపే ఆ కాసేపే అన్నిటికంటే ప్రమాదకరమైనదని మరచిపోవద్దు. రహదారి మీద ఒకరి వెనుక ఒకరుగానే వెళ్ళాలి.

తండ్రులకు ఒక మాట. పద్దెనిమిదేళ్ళు నిండని కొడుకు చేతికి గేర్ల బండి ఇవ్వడం ముద్దు చేయడం కాదు. 2019 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. చట్టానికి భయపడి కాకపోయినా, పొరుగింటి పిల్లవాడు వెనుక కూర్చుంటాడని తలచుకునైనా తాళం ఇవ్వకండి. అదే సవరణ మరో మేలు కూడా చేసింది. ప్రమాదంలో పడినవారిని సద్బుద్ధితో ఆదుకున్నవారి మీద కేసు పెట్టి వేధించే వీలు లేకుండా రక్షణ కల్పించింది. కాబట్టి రోడ్డు మీద పడి ఉన్నవాడు మన జట్టువాడు కాకపోయినా, బండి ఆపి ఆదుకోవడానికి జంకనక్కరలేదు.

ఇక మనం నడిచే నేల సంగతి. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలో పచ్చగా ఉండే ఆ ప్రాంతం మీదికి 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పడింది. తాతల నాటి చెట్లు వేళ్ళతో సహా కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంత ఓపికతో మళ్ళీ నాటుకున్న తోటల్లో, "ఖాళీ జాగా" అనుకుని బండి తిప్పితే విరిగేది మొక్క ఒక్కటే కాదు. జీడి గింజలు రాలే రోజుల్లో చెట్ల కింద నేలను శుభ్రం చేసుకుని ఏరుకుంటారు. పలాస జీడిపప్పు దేశమంతా తినేది ఆ ఏరిన చేతుల వల్లనే. ఆ నేల మీద చక్రాలు తిప్పడం ఒకరి విస్తరిలో కాలు పెట్టడమే. తోట యజమానిని అడిగి వెళ్ళాలి. వద్దంటే సలాం చెప్పి వెనక్కి రావాలి.

ఊళ్ళ మధ్య నుంచి పోయేటప్పుడు మరొకటి గుర్తుంచుకోవాలి. ఉద్దానం ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో ఈ జిల్లాలో తెలియనివారు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కోసం పోయి వచ్చే రోగులు ఈ బాటల మీదే ప్రయాణిస్తారు. సైలెన్సర్ తీసేసిన బండి మోత మీకు ఉత్సాహం కావచ్చు, అరుగు మీద పడుకున్న రోగికి అది బాధ. మంచినీళ్ళు కూడా మీవి మీరు తెచ్చుకోండి. నీటి కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఊళ్ళ కుండలు మనం ఖాళీ చేయకూడదు.

రాత్రి బస చేసేటప్పుడు దారి మీద దిగవద్దని, అది జంతువులు తిరిగే చోటని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఉద్దానం తోటల్లో ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒక మనిషి చనిపోయాడు, పలువురు గాయపడ్డారు. చీకటి పడ్డాక తోటల్లో బండ్లు తిప్పడం మనకూ, ఆ జంతువుకూ కూడా మంచిది కాదు. బారువ, భావనపాడు వంటి తీరాల్లో చలికాలం చివర సముద్రపు తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కొన్ని వారాలకు బయటికి వచ్చే పిల్లలు బండి చక్రాల గాడిలో పడితే పైకి రాలేవు. హెడ్‌లైటు వెలుగు చూసి సముద్రానికి ఎదురు దిక్కున నడుస్తాయి. ఆ నెలల్లో బండిని ఒడ్డు వెనకే ఆపి, సముద్రం దాకా నడిచి వెళితే మన సరదాకు వచ్చిన లోటేమీ లేదు. ఇసుక దిబ్బల మీది మొగలి పొదల జోలికీ పోవద్దు. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లాలో ఆ మొగలిపూల నుంచే మనం పండుగకు రాసుకునే కేవడా అత్తరు తీస్తారు. పరిమళం ఇచ్చే ఆ పొదలే గాలికి ఇసుక కదలకుండా పట్టి ఉంచుతాయి.

దారిలో పడి ఉన్న ముల్లునో రాయినో తొలగించడం కూడా పుణ్యకార్యమని మనం పిల్లలకు నేర్పుతాం. అలాంటప్పుడు మన పిల్లలే ఇతరుల దారిలో ముల్లు కాకూడదు కదా!

సోదరులారా, ఈసారి మీ అబ్బాయి తాళం చేతికి తీసుకున్నప్పుడు కోప్పడకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. మీ అమీర్ ఎవరు? అందరికంటే వెనుక వచ్చేది ఎవరు? వెనుక కూర్చునేవాడికి కూడా హెల్మెట్ ఉందా? ఎవరి నేల మీద నడుస్తారు, వాళ్ళను అడిగారా? నాలుగింటికీ జవాబు ఉంటే 'ఖుదా హాఫిజ్' చెప్పి సంతోషంగా పంపండి. ఒక్కదానికి లేకపోయినా, ఆ జవాబు తెచ్చుకునేదాకా బండి ఇంట్లోనే ఉంచండి.

యువకులకు చెప్పేది ఇంకా చిన్న మాట. ఉర్దూలో తోటి ప్రయాణికుణ్ణి 'హమ్‌సఫర్' అంటాం. కలిసి బయలుదేరినంత మాత్రాన ఎవరూ హమ్‌సఫర్ కారు. సాయంత్రం కాశీబుగ్గ చేరాక టీ కొట్టు దగ్గర ఎవరు ముందు వచ్చారని లెక్కపెట్టకండి. ఎంతమంది వెళ్ళారో అంతమందీ వచ్చారా అని లెక్కపెట్టండి. ప్రతి ఇంట్లోనూ మీ కోసం ఎదురుచూసే తల్లి లెక్కపెట్టేది అదొక్కటే.